రెండు బటన్లతో మసకబారే తెర: ఎక్స్‌ట్రా డిమ్ దీర్ఘకాల వాడకం

2021లో ఆండ్రాయిడ్ 12తో వచ్చిన ఎక్స్‌ట్రా డిమ్, బ్రైట్‌నెస్ స్లయిడర్‌ను అట్టడుగుకు దించాక కూడా మిగిలే వెలుతురును ఇంకా తగ్గిస్తుంది. నన్ను కట్టిపడేసింది దాని షార్ట్‌కట్. ఫోను సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ విభాగంలో ఒకసారి అమర్చుకుంటే, రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి కొద్ది సెకన్లు నొక్కిపట్టగానే తెర మసకబారుతుంది.

మంచం పట్టిన మా నాన్నగారి గదిలోనే నేను పడుకుంటాను, కాస్త వెలుతురు సోకినా ఆయనకు మెలకువ వచ్చేస్తుంది. వెలుతురు తగ్గించడానికి వెలుగుతున్న తెరనే పైనుంచి లాగి, గుర్తు వెతికి నొక్కవలసి వస్తే, ఆ పని పూర్తయ్యేలోపే ఆయన నిద్ర చెడుతుంది. ఇప్పుడు ఫోనును దుప్పటి మీద బోర్లించి ఉంచే బటన్లు నొక్కి, ఆ తర్వాతే తిప్పి మందుల వేళ చూసుకుంటున్నాను. లోగడ వాడిన యాప్ తెరపై నల్లని పొర పరిచేది. ఆ పొర ఉండగా అనుమతి అడిగే పెట్టెల్లో కొన్ని వేలిని గుర్తించేవే కావు.

అయితే ఒక మధ్యాహ్నం మందుల దుకాణం ముందు యూపీఐ చెల్లింపుకు ఫోను తీస్తే ఎండలో తెర నల్లగా ఉంది. తెర చెడిందనుకుని వెళ్ళిన రిపేరు దుకాణం నీడలో అక్షరాలు లీలగా కనిపించాయి, స్లయిడర్ మాత్రం గరిష్ఠంలోనే ఉంది. అక్కడి కుర్రవాడు స్క్రీన్‌షాట్ తీసి తన ఫోనుకు పంపుకుంటే అది మామూలు వెలుతురుతోనే వచ్చింది కనుక, డిస్‌ప్లే పోయిందని తేల్చాడు. విప్పడానికి ముందు ఫోను ఆపి మళ్ళీ వేయగానే వెలుతురు తిరిగి వచ్చింది. చొక్కా జేబులో బటన్లు రెండూ నొక్కుకుపోయి ఎక్స్‌ట్రా డిమ్ పనిచేయడం మొదలైందని, రీస్టార్ట్ తర్వాతా కొనసాగించే ఐచ్ఛికం నా ఫోనులో ఆపి ఉన్నందున అది తొలగిపోయిందని అప్పుడు అర్థమైంది. ఈ సౌకర్యం చిత్రం తెరకు చేరే చివరి అంచెలో రంగుల విలువలను తగ్గిస్తుంది కాబట్టి స్క్రీన్‌షాట్‌లో దాని జాడ ఉండదు.

నా ఆక్షేపణ ఇక్కడే ఉంది. చీకట్లో ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఒదిగి ఉండవలసిన నియంత్రణ, తాను పనిచేస్తున్న సంగతిని స్లయిడర్ పక్కన ఒక చిన్న గుర్తుతోనైనా చెప్పాలి. ఎండలోకి వచ్చామని వెలుతురు సెన్సరుకు తెలుస్తూనే ఉంటుంది గనుక, ఆ సమాచారంతో మసక తనంతట తానే తొలగే ఏర్పాటు నా ఫోనులో ఉండవలసింది.

వెనుక దీపం లేకుండా ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్ఈడీ తెర మీద నాకు ఇది హాయిగానే ఉంది, కానీ సినిమాల్లో చీకటి దృశ్యాలు ముద్దగా కలిసిపోతాయి. ఎల్‌సీడీ తెరలో వెనుక దీపం తగ్గదు కాబట్టి నలుపు బూడిదరంగుగానే మిగులుతుంది. రాత్రి వేళ రోగి పక్కన, పసిపాప పక్కన ఉండేవారికి దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. పగలంతా బయట తిరిగేవారు మాత్రం వాల్యూమ్ బటన్ల షార్ట్‌కట్ బదులు తెర పైనుంచి లాగితే కనిపించే క్విక్ సెట్టింగ్స్ గుర్తుతో సరిపెట్టుకోవడమే మేలనిపిస్తోంది.