పిల్లల బొడ్డు హెర్నియా ఆపరేషన్: పని చక్కనిది, తొందరే అక్కర్లేదు

పిల్లలకు చేసే ఆపరేషన్లలో ఇంత చిన్నదై, ఇంత నిలకడగా ఫలితమిచ్చేవి తక్కువ. చిక్కల్లా అవసరం లేని వయసులో చేయించడంతోనే.

బిడ్డ ఏడ్చినప్పుడు బొడ్డు నిమ్మకాయంత ఉబ్బితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ చూడాల్సింది ఉబ్బు కాదు, దాని వెనక పొట్ట గోడలో ఉన్న రంధ్రం. నిద్రలో మెల్లగా లోపలికి నొక్కితే వేలికొసకు గుండ్రటి గట్టి అంచు తగులుతుంది. రంధ్రం సెంటీమీటరు లోపుంటే చాలావరకు దానంతటదే మూసుకుంటుంది, ఒకటిన్నర దాటితే ఆ ఆశ తగ్గుతుంది. అందుకే నాలుగైదేళ్లు వచ్చేదాకా ఆగమంటారు. ఈలోగా నాణెం పెట్టి కట్టడం, బెల్టు బిగించడం శుద్ధ దండగ. రంధ్రం మూసుకోదు సరికదా, చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది. ఉబ్బు గట్టిపడి, నొప్పితో, లోపలికి పోకుండా ఉండి వాంతులైతే మాత్రం వయసు చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇది అరుదు.

పూర్తి మత్తిచ్చి, బొడ్డు కింది మడతలో నెలవంకలా కోస్తారు. రంధ్రంలోంచి సంచిలా బయటికి పొడుచుకొచ్చిన పొట్ట లోపలి పొరను, అంటే హెర్నియా సంచిని, బొడ్డు చర్మం నుంచి విడదీసేటప్పుడే చేతికి నిదానం కావాలి. అక్కడ చర్మం పల్చన, తొందరపడితే చిల్లు పడుతుంది. సంచిలో పేగు లేదని చూసుకుని కత్తిరించి, రంధ్రం చుట్టూ ఉన్న గట్టి పొర అంచులను కరిగే దారంతో విడివిడి కుట్లు వేసి దగ్గరకు తెస్తారు. పిల్లలకు మెష్, అంటే రంధ్రానికి బలంగా పెట్టే వలలాంటి జాలీ, అక్కర్లేదు. ఎవరైనా పెడతామంటే ఎందుకో గట్టిగా అడగండి. చివరగా బొడ్డు చర్మాన్ని లోపలి పొరకు పట్టించే కుట్టు ఒకటుంది. అది సరిగా పడితేనే బొడ్డు మళ్లీ గుంటగా కనిపిస్తుంది.

గుంటలో దూది కుక్కి వేసే ఒత్తిడి కట్టు కూడా ముఖ్యం. అది ముందే ఊడితే చర్మం కింద నీరో రక్తమో చేరి, హెర్నియా మళ్లీ వచ్చిందేమోనని భయపడతారు. నీరు చేరిన వాపు బిడ్డ ఏడ్చినా పెరగదు, కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఏడ్చినప్పుడల్లా ఉబ్బితేనే సర్జన్‌కు చూపించాలి. చర్మం ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయొద్దు.

ఆపరేషన్‌కు 6 గంటల ముందు అన్నం, డబ్బా పాలు ఆపాలి. తల్లిపాలైతే 4 గంటల ముందు. నీళ్లు ఎప్పటిదాకా తాగించవచ్చో మత్తు డాక్టరు చెప్తారు. ఇదే సరిగా పాటించక చాలామందికి ఆ రోజు ఆపరేషన్ వాయిదా పడుతుంది. అంతా సవ్యంగా ఉంటే సాయంత్రానికే ఇంటికి పంపుతారు. ఏనుగు తొండంలా వేలాడిన పెద్ద ఉబ్బుల్లో మాత్రం మిగిలిన చర్మం కొంతకాలం ముడతగా ఉండి నెలల మీద సర్దుకుంటుంది. ఈ సంగతి సర్జన్ ముందే చెప్పాలి.