యురేనియం పంజరాలు, ప్లుటోనియం గుత్తులు

నీటిలో యురేనియం, ప్లుటోనియం లాంటి ఆక్టినైడ్ లోహాలు ఒంటరి అయాన్లుగానే తిరుగుతాయనుకుంటాం. నిజానికి పదులకొద్దీ పరమాణువులు కలిసి కచ్చితమైన ఆకారాలు కడతాయి. యురేనియం కట్టే తీరు ఒకటి, ప్లుటోనియం తీరు మరొకటి.

యురేనియం +6 స్థితిలో (అంటే ఆరు ఎలక్ట్రాన్లు కోల్పోయిన లెక్కలో) యురేనిల్ అయాన్‌గా ఉంటుంది. లోహానికి పైనా కిందా గట్టిగా అంటుకున్న రెండు ఆక్సిజన్లు కొత్త బంధాలకు సాధారణంగా లొంగవు. అందుకే నిర్మాణం నడుము చుట్టూనే పలకలా సాగుతుంది. క్షార ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడైతే, పెరాక్సైడ్ (రెండు ఆక్సిజన్ల జంట) వంతెనల దగ్గర ఆ పలక వంగుతుంది, చివరికి బోలు పంజరంగా మూసుకుంటుంది. అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పీటర్ బర్న్స్ బృందం 2005 నుంచి ఇలాంటివి చాలా చూపించింది. 60 యురేనియంలున్న పంజరం అచ్చం ఫుట్‌బాల్ అల్లికే! ఎంత అందమైన రసాయన శాస్త్రమో.

ప్లుటోనియం +4కి ఆ అడ్డు లేదు. ఆక్సిజన్ వంతెనలు అన్ని దిక్కులకూ సాగి, లోపల ఖాళీ లేని గుత్తి తయారవుతుంది. 2008లో అమెరికాలోని ఆర్గాన్ (Argonne) జాతీయ ప్రయోగశాలకు చెందిన సోడర్‌హోమ్ బృందం 38 ప్లుటోనియం, 56 ఆక్సిజన్ పరమాణువులున్న గుత్తి నిర్మాణాన్ని తేల్చింది. పైన క్లోరైడ్‌లు, నీటి అణువులు. లోపల సాక్షాత్తు ప్లుటోనియం డయాక్సైడ్ స్ఫటికపు అమరిక.

రెండింటిలో నాకు ఈ ప్లుటోనియం గుత్తే ముఖ్యమనిపిస్తుంది. నీటిలో ప్లుటోనియం +4 ముద్దకట్టి ఏర్పడే, దశాబ్దాలుగా ప్లుటోనియం 'పాలిమర్' అంటూ వచ్చిన పదార్థాన్ని క్రమమైన నానో ఆక్సైడ్ కణాలుగా చూడాలని ఇది చెప్పింది. భూగర్భజలంలో ప్లుటోనియం ఎంత దూరం పోతుందో లెక్కించేవాళ్లకు ఒంటరి అయాన్ల లెక్క ఒక్కటే చాలదు.