బూట్ల డబ్బాలో ఐదు అరలు: టెన్త్ ఇంగ్లిష్ మాటలకు, ఇడియమ్స్‌కు రెండేళ్లు వాడి చూశాక

ముందే తేల్చి చెప్పేస్తే సగం మంది ఇక్కడితో ఆగిపోవచ్చు. టెన్త్ ఇంగ్లిష్‌లో విడి మాటలకు, స్పెల్లింగులకు, ఫ్రేజల్ వెర్బ్స్‌కు (‘పుట్ ఆఫ్’ లాంటి జంట మాటల క్రియలకు) మాటలు రాసిన అట్టముక్కల్ని అరల వారీగా తిరగేసే ఈ కార్డుల పెట్టె బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇడియమ్స్ సంగతి వేరు. అక్కడ అంతా కార్డు ఎలా రాశారన్న దాని మీదే ఉంటుంది. గైడులో ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే పెట్టె ఉన్నా లేకున్నా ఒకటే. రెండు విద్యా సంవత్సరాలు, జూన్ నుంచి మార్చి దాకా, రోజూ వాడాక చెబుతున్న మాట ఇది.

పద్ధతి కొత్తదేం కాదు. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్నలిస్టు 1972లో జర్మన్ భాషలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. పెట్టెలో ఐదు అరలు. కొత్త కార్డు మొదటి అరలో పడుతుంది. జవాబు సరిగ్గా వస్తే తర్వాతి అరకు, తప్పితే మళ్లీ మొదటికి. మొదటి అరను రోజూ తిరగేస్తాం, వెనక్కి పోయేకొద్దీ అరుదుగా తిరగేస్తాం. వచ్చేసిన మాట మీద టైం దండగ కాకుండా రాని మాట మీదే పడుతుంది, ఇందులో ఉన్న కిటుకల్లా అదే. ఫోన్లో ఆంకీ అనే కార్డుల యాప్ చేసేదీ మూలానికి ఇదే పని, లెక్క ఇంకాస్త సన్నంగా కడుతుంది.

తయారీకి ఏ4 సైజు అట్ట షీట్లు వంద చాలు. మందం 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) ఉండాలి. కటింగ్ మెషీన్ ఉన్న జిరాక్స్ షాపులో ఒక్కో షీటును ఎనిమిది ముక్కలు చేయిస్తే 10.5 సెంటీమీటర్ల పొడవు, 7.4 సెంటీమీటర్ల వెడల్పుతో 800 కార్డులు వస్తాయి. మామూలు 80 జీఎస్ఎం కాగితం వద్దు. వెనక రాసిన జవాబు ముందుకు కనబడుతుంది, పైగా అరలో నిలబడదు. ఛత్తా బజార్ పెళ్లిపత్రికల ప్రెస్సుల వైపు వెళ్లి కోత ముక్కలు తెచ్చుకుందామనుకునేవాళ్లు నిగనిగలాడే అట్ట తీసుకోవద్దు. దాని మీద జెల్ పెన్ను ఇంకు ఆరదు, వేలు తగిలితే పులుముకుపోతుంది. గరుకు అట్ట, బాల్ పెన్ను, అంతే.

పెట్టెకు పెద్దవాళ్ల బూట్ల డబ్బా సరిగ్గా సరిపోతుంది. లోపలి పొడవు 30 సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. లైట్నర్ చెప్పిన అరల వెడల్పులు వరుసగా 1, 2, 5, 8, 14 సెంటీమీటర్లు, మొత్తం 30. అడ్డుగోడలకు వేరే అట్టతో పనిలేదు, డబ్బా మూతనే కోసి నిలబెట్టొచ్చు. డబ్బా వెడల్పులో కార్డుల పక్కన కాస్త జాగా మిగులుతుంది. అందులో ఖాళీ కార్డులు, పెన్సిలు, రఫ్ నోట్‌బుక్ ముక్క పెట్టుకుంటే కూర్చున్నాక మళ్లీ లేవాల్సిన పని ఉండదు. జులై, ఆగస్టు ముసురు రోజుల్లో కార్డులు తేమ పీల్చి విల్లులా వంగుతాయి. రాత్రిపూట మీద ఒక లావు పుస్తకం బరువుగా పెడితే చాలు.

అర నిండితేనే అందులోవి తిరగేయాలన్నది లైట్నర్ అసలు పద్ధతి. బడి పిల్లలకు అది కుదరదు. ఏ రోజు ఎంత పని పడుతుందో ముందే తెలియకపోతే యూనిట్ టెస్టు వారంలో పెట్టె అటకెక్కుతుంది. అందుకే వారాలకు కట్టేయడం మేలు. మొదటి అర రోజూ. రెండోది సోమ, బుధ, శుక్రవారాలు. మూడోది మంగళ, శనివారాలు. నాలుగోది ఆదివారం. ఐదోది నెలలో ఒకటో తేదీన, పదహారో తేదీన. దీన్ని స్కెచ్ పెన్నుతో డబ్బా మీదే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ‘గుర్తుంటుందిలే’ అనుకున్నది పది రోజులు కూడా గుర్తుండదు.

ఇక రోజుకు ఎన్ని కొత్త కార్డులు? ఐదు. అదీ వారానికి ఐదు రోజులే. చాలామంది చతికిలబడేది ఇక్కడే కాబట్టి లెక్క చూడండి. వేసిన ప్రతి కార్డూ ఐదు అరల్లోనూ కనీసం ఒక్కోసారి ఎదురవుతుంది. అంటే వారానికి 25 కొత్తవి వేస్తే, అన్ని అరలూ నడవడం మొదలయ్యాక, వారానికి 125 కార్డులు తిరగేయాలి. తప్పి వెనక్కి వచ్చేవి కలిపితే రోజుకు పాతిక దాకా తేలతాయి. రాసి చూసుకుంటూ చేస్తే పావుగంట పని. అదే మొదటి రోజు ఊపులో రోజుకు 15 వేస్తే మొదటి రెండు వారాలు హాయిగానే ఉంటుంది. మూడో వారంలో వెనక అరలన్నీ ఒకేసారి మీద పడి రోజుకు 70, 80 కార్డులవుతాయి, అక్కడితో పెట్టె మూత పడుతుంది. ఆంకీలోనూ మొదట్లో రోజుకు 20 కొత్త కార్డులని సెట్టింగు ఉంటుంది. టెన్త్ పిల్లలకు దాన్ని 5కు తగ్గించాకే ఇవ్వాలి.

జూన్ రెండో వారంలో బడి తెరిచిన నాటి నుంచి జనవరి నెలాఖరుకు 33 వారాలు. దసరా, సంక్రాంతి సెలవుల్లో ఊరెళ్లే రోజులు తీసేసినా 700 పైచిలుకు మాటలు ఎక్కుతాయి. ఫిబ్రవరిలో కొత్త కార్డు ఒక్కటీ వేయకూడదు, ఉన్నవి తిప్పడమే.

కార్డు మీద ఏం రాయాలన్నదే అసలు విషయం. ముందు వైపు మాట, వెనక తెలుగు అర్థం రాసే అలవాటు ఎంత పాతదో అంత పనికిమాలినది. పరీక్షలో మాట ఒంటరిగా రాదు, వాక్యంలో వస్తుంది. గీత గీసిన మాట భూతకాలంలో ఉంటే దానికి పర్యాయపదమూ భూతకాలంలోనే ఉండాలి. ‘అబాండన్డ్’కు బదులు ‘లీవ్’ అని రాస్తే అర్థం తెలిసీ మార్కు పోయినట్టే, అక్కడ కావాల్సింది ‘లెఫ్ట్’. అందుకని ముందు వైపు ఖాళీ ఉన్న వాక్యం, ఖాళీలో జవాబు మొదటి అక్షరం. వెనక జవాబు, దానికి వ్యతిరేక పదం, క్లుప్తంగా తెలుగు మాట. కుడి మూలన పాఠం నంబరు, పేజీ. ‘సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్, సక్సెస్‌ఫుల్లీ’ నాలుగూ ఒకే కార్డు మీద గుదిగుచ్చితే నాలుగూ కలిపి ఒక పాటలా వస్తాయి గానీ ఖాళీలో ఏది పెట్టాలో తెలియదు. నాలుగు వాక్యాలు, నాలుగు కార్డులు.

ఉచ్చారణ తెలుగు అక్షరాల్లో రాసుకోవడం కూడా మానాలి. ఈ సమీక్షలో చదవడానికి వీలుగా అలా రాశాం గానీ కార్డు మీద అది విషం. తెలుగులో ‘వెస్ట్’ అని రాస్తే పడమరో, లోపల వేసుకునే బనియనో తేలదు. స్పెల్లింగు అయితే మొత్తానికే పోతుంది. ‘అకామడేషన్’లో రెండు ‘సి’లు, రెండు ‘ఎమ్’లు ఉన్నాయని తెలుగు లిపి చెప్పదు. ‘సెపరేట్’లో ‘పి’ తర్వాత ‘ఇ’ కాదు, ‘ఏ’ అని కూడా చెప్పదు. స్పెల్లింగు కార్డులకు ఒకటే దారి: తిప్పి చూసే ముందు రఫ్ నోట్‌బుక్‌లో రాసి తీరాలి. నోటితో చెప్పి ‘ఆ, వచ్చు’ అనేసుకుంటే అది వచ్చినట్టు కాదు. ఒక్క అక్షరం తేడా వచ్చినా కార్డు మొదటి అరకే వెళ్లాలి, ఇందులో దయాదాక్షిణ్యాలు లేవు. అర్థం దగ్గర దాకా వచ్చి తప్పితే మాత్రం ఒక్క అర వెనక్కి జరిపితే చాలు. ఐదో అర నుంచి ఏకంగా మొదటికి తోస్తే పిల్లలకు విసుగు పుడుతుంది, లాభమూ తక్కువే.

ఇడియమ్స్‌లో తెలుగువాళ్లకు మాత్రమే తగిలే దెబ్బ ఒకటుంది. ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ తీసుకోండి. తెలుగులో కాళ్లు పట్టి లాగడమంటే ఎదిగేవాణ్ని కిందికి గుంజడం. ఇంగ్లిష్‌లో అది ఆటపట్టించడం, అంతకు మించి ద్వేషం లేదు. ఉత్త అర్థం రాసుకున్న కార్డుతో చదివిన పిల్లలు సొంత వాక్యం రాయమంటే ‘హి పుల్డ్ మై లెగ్ అండ్ ఐ ఫెల్ డౌన్’ అని రాస్తారు. వ్యాకరణం సలక్షణంగా ఉంటుంది, మార్కు సున్నా. దీనికి కార్డు ఇలా ఉండాలి. ముందు: ‘డోంట్ వర్రీ, యువర్ బ్రదర్ ఈజ్ ఓన్లీ పి... యువర్ ఎల్...’ వెనక: ‘పుల్లింగ్, లెగ్. ఆటపట్టిస్తున్నాడు. మన కాళ్లు లాగడం కాదు.’ ఆ చివరి మాట ఎర్ర ఇంకుతో. ‘గెట్ కోల్డ్ ఫీట్’ కూడా ఇదే కోవ. తెలుగులో కాళ్లు చల్లబడ్డాయంటే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. అక్కడ మాత్రం తీరా సమయానికి జంకడమని అర్థం.

దీనికి తిరగబడిన వైపు కూడా ఉంది, అది వరం లాంటిది. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ పక్కన ‘అరుదుగా’ అని రాస్తే నిలవదు, ‘అమావాస్యకో పున్నానికో’ అని రాస్తే ఇక మరిచిపోరు. ‘టర్న్ ఎ డెఫ్ ఇయర్’కు పెడచెవిన పెట్టడం, ‘ఎ పీస్ ఆఫ్ కేక్’కు మంచినీళ్ల ప్రాయం. ‘కిక్ ది బకెట్’ అయితే మన దగ్గర ‘బాల్చీ తన్నేశాడు’ అయి కూర్చుంది, దానికి కార్డే అక్కర్లేదు. ఇలా జత దొరికే ఇడియమ్స్‌ను ముందు ఎక్కించి, కాళ్లు లాగే రకాన్ని దసరా తర్వాత మొదలుపెడితే పని సులువవుతుంది. ఒకే అర్థం ఉన్నవి పక్కపక్కన వేయకూడదు. ‘స్పిల్ ది బీన్స్’, ‘లెట్ ది క్యాట్ అవుట్ ఆఫ్ ది బ్యాగ్’ రెండూ గుట్టు రట్టు చేయడమే. ఒకే వారంలో ఎక్కిస్తే పిల్లి గింజలు ఒలకబోస్తుంది.

ఫ్రేజల్ వెర్బ్స్‌లోనూ అంతే. ‘పుట్ ఆఫ్, పుట్ అవుట్, పుట్ ఆన్, పుట్ అప్ విత్’ గైడుల్లో ఒకే చోట వరసగా ఉంటాయి, కార్డులు కూడా అదే వరసలో రాసేస్తారు. రూపాలు దగ్గరగా ఉన్నవి ఒకేసారి నేర్చుకుంటే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఒక్కోదాని మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి, పైగా మొదటిది నాలుగో అర చేరాకే రెండోది వేయాలి. ఇంకొకటి, విడగొట్టొచ్చా లేదా అన్నది కార్డు మీద ఉండాల్సిందే. ‘పుట్ ఇట్ ఆఫ్’ ఒప్పు, ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. ‘లుక్ ఆఫ్టర్ హర్’ మధ్యలో మాత్రం ఏదీ దూరదు. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీలో విడగొట్టదగిన వాటికి రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు ఉంటుంది. కొనలేకపోతే అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలోనో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనో ఒక పూట కూర్చుని నెలకు సరిపడా చూసుకుని రావచ్చు.

హైదరాబాద్ ఇంగ్లిష్‌కు విడిగా ఒక ఇరవై కార్డులు కేటాయించండి. రోజూ వింటాం కాబట్టి తప్పని తోచదు. ‘డిస్కస్ అబౌట్’లో ‘అబౌట్’ ఉండదు. ‘కోప్ అప్ విత్’లో ‘అప్’ లేదు. ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ దండగ. ఫలానా ఏడాది ‘పాస్ అవుట్’ అయ్యామని ఇక్కడ అందరూ అంటారు, డిక్షనరీ తెరిస్తే ముందు కనిపించే అర్థం స్పృహ తప్పడం.

కోఠి పాత పుస్తకాల షాపుల్లో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత గైడులు దొరుకుతాయి. మాటలు ఏరుకోవడానికి పనికొస్తాయి, పేపర్ పద్ధతికి మాత్రం వాటిని నమ్మొద్దు. తెలంగాణలో టెన్త్‌కు 2022 నుంచి ఆరు పేపర్లే. అంతకు ముందు పదకొండు ఉన్నప్పుడు ఇంగ్లిష్ రెండు పేపర్లుగా ఉండేది, ‘పేపర్ 2’ అని అట్ట మీద ఉన్న గైడు ఆ కాలానిది. గైడుల్లో ఇంకో జాడ్యం అక్షర క్రమం. పిల్లలు మొదటి పేజీ నుంచి మొదలుపెడతారు, మధ్యలో ఆపుతారు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. అందుకే ఊళ్లో ప్రతి పిల్లాడికీ ‘ఏ’, ‘బి’తో మొదలయ్యే ఇడియమ్స్ కంఠతా వచ్చి ఉంటాయి.

పెట్టె లోపాలు పెట్టెవే. కార్డును చూపుతో గుర్తుపట్టేస్తారు. మూలన పసుపు మరక ఉన్నది ‘పోస్ట్‌పోన్’ అని వాక్యం చదవకుండానే చెప్పేస్తారు. అలాంటిది కనిపిస్తే కొత్త వాక్యంతో కొత్త కార్డు రాయాలి. నాలుగుసార్లు తప్పిన కార్డునూ అంతే. తప్పిన ప్రతిసారీ మూలన పెన్సిల్ గీత పెట్టుకుంటే తెలిసిపోతుంది. ఎనిమిదిసార్లు తప్పితే ఆంకీ తానే కార్డుకు గుర్తు పెడుతుంది, సెట్టింగును బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. చేతితో రాసిన దాన్ని అన్నిసార్లు భరించక్కర్లేదు, తప్పు చాలాసార్లు వాక్యంలోనే ఉంటుంది. వినికిడి ఈ పెట్టెలో లేదు, ఆ పని ఫోనే చేయాలి. సిటీ బస్సులో నిలబడి వెళ్లే గంట కూడా దీనికి దక్కదు. డబ్బాలోంచి పది కార్డులు తీసి రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకోవచ్చు గానీ, సాయంత్రానికి తొమ్మిదే తిరిగొస్తాయి.

పరీక్ష అయ్యాక తమ్ముడికో చెల్లెలికో డబ్బా ఇస్తున్నవాళ్లు అరల్లోంచి కార్డులు తీసేసి ఇవ్వండి. ఒకరు రాసిన కార్డులతో రెండో ఏడు మొదలుపెడితే మొదటి అర దాటడమే గగనమైంది. వాక్యం ఏరి, ఖాళీ ఎక్కడ పెట్టాలో చూసుకుని, వెనక తెలుగు మాట వెతికేటప్పుడే ఆ మాట సగం వచ్చేస్తుంది. ఎర్ర ఇంకు కార్డులు ఓ ముప్ఫై మాత్రం ఉంచండి, కాళ్లు లాగడం దగ్గర అందరూ ఒకేలా పడతారు.