వివేజా: ఇన్నేళ్లు వాడాక నా మాట

2016 మార్చిలో గూగుల్ వాళ్లు వివేజా ఉన్న నిక్ కలెక్షన్‌ని, అంటే ఫొటోలు సరిచేసుకునే సాఫ్ట్‌వేర్ల కట్టని, ఉచితంగా ఇచ్చేశారని తెలిసిన రాత్రే డౌన్‌లోడ్‌కి పెట్టి పడుకున్నాను. అంతకుముందు దాని ధర 149 డాలర్లు. తిరుపతిలో పెళ్లిళ్లు తీసుకుని బతికే నాలాంటివాడు ఫిల్టర్లకి అంత పెట్టడు కదా, ముందు లెన్స్ ఈఎంఐ కట్టుకోవాలి. అందులో ఏడు ప్లగిన్లు వచ్చాయి, అంటే ఫొటోషాప్, లైట్‌రూమ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు. మొదటి నెలంతా కనిపించిన ప్రతి ఫొటోనీ అన్నింట్లోనూ వేసి చూశాను, తర్వాత ఒక్కొక్కటీ వదిలేస్తూ వస్తే చివరికి రోజూ తెరిచేది వివేజా ఒక్కటే అయింది. రంగు, వెలుతురు సరిచేయడం తప్ప దానికి వేరే పని రాదు. నాకు కావాల్సిందీ అంతే.

2017 అక్టోబర్‌లో డీఎక్స్‌ఓ అనే ఫ్రాన్స్ కంపెనీ ఈ మొత్తాన్ని కొనేసింది, తర్వాత వచ్చినవాటికి మళ్లీ డబ్బులు. నేను చాలాకాలం పాత ఉచితందాంతోనే నెట్టుకొచ్చి, 2021లో వివేజాని కొత్తగా తయారుచేసి వదిలాక కొనుక్కున్నాను. కాబట్టి రెండూ వాడిన మనిషి మాటగానే తీసుకోండి.

పని చేసే తీరు చాలా సులువు. ఫొటోలో ఒకచోట క్లిక్ చేస్తే చుక్క పడుతుంది, దాని చుట్టూ ఒక వలయం. వలయాన్ని పెద్దది, చిన్నది చేసుకోవచ్చు. చుక్క కింద ఉన్న రంగేంటి, వెలుతురెంత, గరుకా నునుపా అని చూసుకుని, వలయం లోపల దానికి దగ్గరగా ఉన్నవాటినే మారుస్తుంది, పక్కనున్న వేరే రంగు జోలికి పెద్దగా పోదు. అంటే బ్రష్ పట్టుకుని చెవి చుట్టూ, జడ చుట్టూ అంచులు గీసుకుంటూ కూర్చోనక్కర్లేదు. కంట్రోల్ పాయింట్ అంటారు దీన్ని. 2006లోనే నికాన్ కెమెరా వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్యాప్చర్ ఎన్‌ఎక్స్‌లో ఉండేది, అప్పటి నుంచి నికాన్ వాడే సీనియర్లకి ఇదేం కొత్త కాదు.

ఇది నాకు నిజంగా అక్కరకొచ్చింది కల్యాణ మండపాల్లో. మీ ఊళ్లో ఎలా ఉందో కానీ మా దగ్గర ఇప్పుడు స్టేజీ వెనక ఊదారంగు ఎల్‌ఈడీ లైట్లు లేనిదే డెకరేషన్ వాళ్లకి నిద్ర పట్టదు. ముందు నుంచి వీడియో వాళ్ల తెల్ల లైటు, పక్కన హోమం మంట, వెనక నుంచి ఊదా. తిరుచానూరు దగ్గర ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి పెళ్లికూతురు కుడి చెంప మామూలుగా ఉంది, ఎడమ చెంప వంకాయ. వైట్ బ్యాలెన్స్, అంటే ఫొటో మొత్తానికీ ఉండే రంగుల తూకం, తిప్పితే ఎడమ చెంప బాగుపడుతుంది, కుడిచెంప పచ్చబడుతుంది, ముహూర్తం పట్టుచీర పసుపు కాస్తా నిమ్మకాయ రంగులోకి పోతుంది. ఎడమ చెంప మీద ఒక చుక్క పెట్టి, వలయం దవడ దాకా తెచ్చి, గ్రీన్ కొంచెం పెంచి, బ్లూ తగ్గించి, వార్మ్‌త్ ఒక పిసరు కుడికి జరిపాను. ఆల్ట్ నొక్కి ఆ చుక్కనే లాగితే ఇంకొకటి పుడుతుంది, దాన్ని మెడ మీద పెట్టాను. ఇంకోటి చెవి దగ్గర. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, పాపిటచేరు మెరుపు కూడా పోలేదు. అదే ఫొటోషాప్‌లో మార్చాల్సిన చోటు చుట్టూ మాస్క్ గీసుకుంటూ చేసుంటే ఆ ఒక్క ఫొటోకే టీ చల్లారిపోయేది.

కానీ లైటు మరీ గట్టిగా పడి రెడ్, బ్లూ నిండిపోయి గ్రీన్ ఏమీ లేకపోతే ఏ ప్లగిన్ అయినా ఏం చేస్తుంది, అక్కడ చర్మం వివరమే లేదు. రా ఫైల్, అంటే కెమెరా సెన్సర్ పట్టిందంతా కుదించకుండా దాచేది, అయితే కొంత ఆశ. జేపెగ్ తీసుకొచ్చి అద్భుతం చూపించమంటే మాత్రం కుదరదు.

ఇంకో సంగతి, వివేజాకి రంగు తెలుసు కానీ మనిషి తెలియడు. ఇది మా ఊరి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బాగా అర్థమైంది. జాతర ఫొటోలు నాకు డబ్బు తేవు, నా సరదా కోసం తీసుకుంటాను. బండ వేషం వేసిన పిల్లవాడు, ఒళ్లంతా కుంకుమ, వాడి వెనకే వాళ్లమ్మ ఎర్రచీర. పిల్లవాడి మొహం కాస్త వెలిగిద్దామని చుక్క పెడితే చీర కూడా వెలిగింది. దీనికి మందు, చీర మీద ఇంకో చుక్క పెట్టి దాని స్లైడర్లన్నీ సున్నాలోనే ఉంచేయడం. అది కాపలా చుక్క అన్నమాట, ఇక్కడికి రావద్దు అని. మొదట్లో ఇది తెలియక నేను చాలా ఫొటోలు మధ్యలోనే వదిలేశాను. ఒళ్లంతా బొగ్గు పూసుకునే తోటి వేషం ఫొటోకి అయితే మా అసిస్టెంటు కుర్రాడే నన్ను ఆపాడు. చెమటకి నిగనిగలాడే ఆ బొగ్గు నలుపుని నేను అలవాటు కొద్దీ పైకి లేపుతుంటే, "అన్నా, ఆ నలుపు తీసేస్తే ఇంక వేషమేముంది నా" అన్నాడు. నిజమే కదా, కంట్రోల్ జెడ్ కొట్టాను.

అలవాటు అన్నాను కదా, అసలు రోగం స్ట్రక్చర్ స్లైడర్. చిన్న చిన్న వివరాల్ని ఎత్తి చూపిస్తుంది. ఒక సాయంత్రం చంద్రగిరి రాజమహల్‌ని ఏటవాలు ఎండలో తీశాను, ఆ గోడల మీద స్ట్రక్చర్ పెంచితే మొదట ఒళ్లు పులకరించింది, ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగుతూ పోయాను. తెల్లారి లేచి చూస్తే మహల్ ఇసుక కాగితంతో కట్టినట్టుంది. శేషాచలం కొండలకీ అదే గతి పట్టించాను ఆ రోజుల్లో, 2016, 17 ఫొటోలు ఇప్పుడు ఎవరికైనా చూపించాలంటే సిగ్గేస్తుంది. మనుషుల మొహాల మీద మాత్రం దాన్ని కాస్త మైనస్‌లోకి పోనిస్తాను. ఎక్కువ పోనిస్తే మళ్లీ మైనపు బొమ్మే. ఒక పెళ్లికూతురి అమ్మ ఆల్బమ్ తిప్పుతూ "ఇది మా పాపేనా నాయనా, ఇంత తెల్లగా ఎప్పుడుంది" అని అడిగింది, ఆవిడ పొగడలేదు.

ఇక ఫైళ్ల సైజు. లైట్‌రూమ్ నుంచి పంపితే రా ఫైల్ నేరుగా పోదు, దాన్నుంచి టిఫ్ అనే పెద్ద సైజు ఫైల్ తయారవుతుంది. 24 మెగాపిక్సెల్ ఫొటో 16 బిట్‌లో అంటే ఒక్కొక్కటి దాదాపు 144 ఎంబీ. ఆల్బమ్‌కి ఏరిన 300 ఫొటోలూ పంపానంటే 43 జీబీ. నా పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎనిమిది జీబీయే, ఫ్యాన్ మోత వింటే పక్కింట్లో మిక్సీ వేశారేమో అనుకునేవాళ్లం. అందుకే నిజంగా అవసరమైన ముప్పై నలభై ఫొటోలకే వాడతాను. పైగా మామూలు టిఫ్‌గా సేవ్ చేస్తే స్లైడర్లు అందులో కరిగిపోతాయి, తర్వాత మార్చుకోవాలంటే ఫొటోషాప్‌లో లేయర్‌ని ముందే స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసుకుని అక్కడి నుంచి వివేజా తెరుస్తాను, అప్పుడు చుక్కలు అలాగే ఉంటాయి.

దీనివల్ల నేను తిన్న పెద్ద దెబ్బ కూడా చెప్పేస్తాను, తప్పు పూర్తిగా నాదే. లైట్‌రూమ్ ఆ టిఫ్‌ని మామూలుగా ప్రోఫొటో ఆర్‌జీబీ అనే చాలా ఎక్కువ రంగులు పట్టే కలర్ స్పేస్‌లో పంపుతుంది. నేను దాన్ని అందరూ మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చకుండానే జేపెగ్ చేసి ల్యాబ్‌కి పంపించేశాను. స్క్రీన్ మీద కుంకుమ ఎరుపు, షీట్ల మీద వెలిసిపోయిన ఇటుక. పన్నెండు షీట్లు నా డబ్బుతో మళ్లీ వేయించాను, పెళ్లివాళ్లకి "ల్యాబ్‌లో కరెంటు లేదు" అని అబద్ధం చెప్పి రెండు రోజులు తిప్పాను. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో కలర్ స్పేస్ అన్న ఆ ఒక్క గడి చూసుకోండి చాలు.

ఇప్పుడు ఇది కొనాలా అంటే, 2021 అక్టోబర్‌లో లైట్‌రూమ్‌లోనే కొత్త మాస్కింగ్ వచ్చింది, ఆకాశం అంటే ఆకాశాన్నీ, మనిషి అంటే మనిషినీ తనే పట్టుకుంటుంది. అప్పటి నుంచి కపిలతీర్థం జలపాతం వెనక ఆకాశం లాంటివాటికి నేను వివేజా తెరవడం మానేశాను. టిఫ్ లేదు, గోల లేదు. చెంప సగం ఊదా, సగం పసుపు లాంటి చిన్న చిన్న మరకలకి మాత్రం ఇప్పటికీ నా చెయ్యి అటే పోతుంది. లైట్‌రూమ్‌లో ఒక రంగుని మాత్రమే పట్టుకునే కలర్ రేంజ్‌తో కూడా చేయొచ్చు, చేశాను కూడా, కానీ నాకు చుక్కతో వచ్చినంత వేగంగా రాలేదు. ఊటీ ట్రిప్ ఫొటోలు బాగుచేసుకోవాలనుకునే వాళ్లు దీనికి డబ్బు పెట్టకండి, ఫోన్‌లో వేసుకునే స్నాప్‌సీడ్ యాప్ కూడా నిక్ కలెక్షన్‌ని మొదట చేసిన నిక్ కంపెనీ వాళ్లు చేసిందే, అందులో సెలెక్టివ్ అని ఇదే చుక్క ఉచితంగా ఉంటుంది.

పెళ్లిళ్లు తీసేవాళ్లయితే ముందు ఉచిత ట్రయల్ వేసుకుని చూడండి. కానీ మా తమ్ముడిలా ఆషాఢంలో వేసుకోకండి, ఎడిట్ చేయడానికి ఒక్క పెళ్లీ దొరక్క శ్రావణం వచ్చేలోపు వాడి ట్రయల్ అయిపోయింది.