గ్యాస్ విడిగా కొనాలా, ఇరుగుపొరుగుతో కలిసి కొనాలా: ఏది మేలు?

2022 ఏప్రిల్ 27న రష్యా బల్గేరియాకు గ్యాస్ ఆపేసింది. రూబుళ్లలో కట్టం అన్నందుకు పోలండ్‌కూ అదే రోజు ఆగింది. బల్గేరియా వాడకం ఏడాదికి సుమారు 300 కోట్ల ఘనపు మీటర్లు, అంటే నెలకు సగటున 25 కోట్లు. ఒక పెద్ద ఎల్ఎన్‌జీ (బాగా చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్) ఓడలో సరుకు ఆవిరయ్యాక దాదాపు 10 కోట్లు వస్తుంది. నెలకు రెండున్నర ఓడలన్నమాట. ఈ లెక్క దగ్గర పెట్టుకుని చూస్తే ఏ దారి ఎంతవరకు పనికొస్తుందో తెలుస్తుంది.

విడిగా కొనడంలో సుఖం వేగం. ఒకరే కూర్చుని బేరం ముగించవచ్చు. 2023 జనవరిలో బల్గేరియా ప్రభుత్వ గ్యాస్ సంస్థ బల్గర్‌గాజ్ టర్కీ సంస్థ బోటాష్‌తో అలాగే 13 ఏళ్ల ఒప్పందం చేసుకుంది: ఏడాదికి 150 కోట్ల ఘనపు మీటర్ల దాకా టర్కీ టెర్మినళ్లలో దించుకుని పైప్‌లైన్‌లో తెచ్చుకునే వీలు. చిక్కంతా రుసుములో ఉంది. బుక్ చేసిన సామర్థ్యానికి వాడినా వాడకున్నా డబ్బు కట్టాలి. ఓడలు అనుకున్నన్ని రాలేదు, రుసుము మాత్రం ఆగలేదు. చిన్న దేశం ఒంటరిగా, ఆపదలో ఉండగా బేరానికి కూర్చుంటే ఇలాంటి షరతే చేతికొస్తుంది.

2022 వేసవిలో యూరప్ అంతా చేసింది కూడా విడి కొనుగోలే. నవంబరు కల్లా నిల్వలు నింపాలన్న తొందరలో, సంతలో ఒకే గేదె మీద అన్నదమ్ములు పాట పెంచుకున్నట్టు, పక్కపక్క దేశాలు అవే ఓడల కోసం పోటీ పడ్డాయి. యూరప్ గ్యాస్ ధరకు కొలమానంగా చూసే డచ్ మార్కెట్ ధర ఆగస్టులో మెగావాట్ గంటకు 300 యూరోలు దాటింది.

దానికి మందుగా వచ్చిందే అగ్రిగేట్‌ఈయూ, అంటే యూరోపియన్ యూనియన్ పెట్టిన ఉమ్మడి గ్యాస్ కొనుగోలు వేదిక. మొదటి టెండరు 2023 మేలో జరిగింది. కంపెనీ తనకెంత కావాలో, ఏ నెలలో, ఏ టెర్మినల్‌కో లేదా ఏ దేశపు నెట్‌వర్క్‌కో నమోదు చేస్తుంది. వేదిక వాటన్నిటినీ కూడి అమ్మకందారుల ముందు పెడుతుంది. రష్యా గ్యాస్‌కు చోటు లేదు. ఆఫర్లు జతపడ్డాక అసలు ఒప్పందం కొనేవాడూ అమ్మేవాడూ విడిగా చేసుకోవాలి. ప్రతి దేశం తన గ్యాస్ నిల్వ లక్ష్యంలో 15 శాతానికి సరిపడా అవసరాన్ని వేదికకు తేవడం అప్పట్లో తప్పనిసరి చేశారు, కొనడం మాత్రం కాదు. కాబట్టి దీన్ని ఉమ్మడి కొనుగోలు అనడం కొంచెం ఎక్కువే. ఇది ఉమ్మడి సంబంధాలు చూడటం, పెళ్లి ఎవరిది వాళ్లదే. జతపడ్డాక కూడా బేరం చెడుతుంది: టెర్మినల్‌లో దించే తేదీ దొరకదు, లేదా అమ్మేవాడు అడిగిన బ్యాంకు గ్యారంటీ చిన్న కంపెనీ ఇవ్వలేదు. అందుకే చిన్నవాళ్ల తరఫున ఒక పెద్ద కంపెనీ కొనిపెట్టే ఏర్పాటును కూడా నిబంధనల్లో ఉంచారు. ఓడలో పదో వంతు చాలనుకునే పట్టణ పంపిణీ సంస్థకు అది పనికొచ్చే దారి.

నిజంగా ఒక్క సంతకంతో కొంటే ఎలా ఉంటుందో మన దేశానికి ఎల్ఎన్‌జీ దిగుమతి చేసే పెట్రోనెట్ చూపిస్తుంది. ఒకే దేశపు కంపెనీలైనా పద్ధతి అదే. ఖతార్‌తో ఏడాదికి 75 లక్షల టన్నుల ఒప్పందం పెట్రోనెట్‌ది; సరుకు గెయిల్, ఐఓసీ, బీపీసీఎల్ పంచుకుంటాయి. 2015లో మార్కెట్ ధర పడిపోయినప్పుడు అంత పెద్ద కొనుగోలుదారు కాబట్టే పాత ధర సూత్రాన్ని మార్పించగలిగింది, తక్కువ తీసుకున్నందుకు పడాల్సిన జరిమానాను మాఫీ చేయించుకోగలిగింది. దేశాల మధ్య ఇది కష్టం. ఒకరు తమ వాటా తీసుకోకపోతే ఆ డబ్బు ఎవరు కట్టాలన్న దగ్గరే మాట తెగుతుంది.

బల్గేరియా వంటి దేశానికి నా ఓటు రెండిటి కలయికకు: కనీస అవసరంలో సగం దీర్ఘకాలిక ఒప్పందంలో, మిగతాది ఉమ్మడి టెండర్లలో. దీర్ఘకాలిక ఒప్పందంలో ఏటా కనీసం పదిశాతం తగ్గించుకునే వీలు, మిగిలిన సరుకును పొరుగువాడికి అమ్ముకునే హక్కు రాయించుకోవాలి. అమ్ముకునే హక్కు లేకపోతే పొరుగుతో కలవడానికి చేతిలో ఏమీ ఉండదు.

అయితే రెండిటికన్నా ముందు గొట్టం. అజర్‌బైజాన్‌తో ఏడాదికి 100 కోట్ల ఘనపు మీటర్ల ఒప్పందం రష్యా గ్యాస్ ఆపేనాటికే బల్గేరియా చేతిలో ఉంది. గ్రీస్‌లోని కొమొతిని నుంచి స్తారా జగోరా దాకా 182 కిలోమీటర్ల లైను పూర్తికాక అందులో కొంతే తెచ్చుకోగలిగింది. ఆ లైను 2022 అక్టోబరు 1న వాణిజ్యపరంగా మొదలైంది. దాని సామర్థ్యం ఏడాదికి 300 కోట్ల ఘనపు మీటర్లు, అంటే ఇంచుమించు దేశం మొత్తం వాడకం.