గండికోట బాగుంది, బిల్లే బాగలేదు

గండికోట చూడమని ఎవరికైనా చెబుతాను. దాని దగ్గర మేం దిగిన రిసార్టులో భోంచేయమని మాత్రం ఎవరికీ చెప్పను.

మా తమ్ముడు, మరదలు డల్లాస్ నుంచి, మా ఆయన కువైట్ నుంచి ఒకేసారి సెలవుకు వచ్చారు. పిల్లల్ని తీసుకుని కడప నుంచి కారు మాట్లాడుకుని బయల్దేరాం. ముందురోజు ఒంటిమిట్ట దర్శనం హాయిగా అయింది. కోటలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూసి, పొద్దు గూకే వేళకు పెన్నా లోయ అంచున కూర్చున్నాం. అంతవరకు అందరూ మంచి మూడ్‌లోనే ఉన్నారు.

టెంటుకు 1,800 చొప్పున రెండు టెంట్లు. పడక పర్వాలేదు, బాత్రూమే దూరం. రాత్రి తిన్నదానికి బిల్లు తెచ్చారు. తిండి 2,340. దానిమీద సర్వీస్ ఛార్జి పది శాతం, 234. ఈ రెండూ కలిపి దానిమీద జీఎస్టీ 5 శాతం. మొత్తం 2,702 రూపాయల 70 పైసలు. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఎక్కడా లేదు. అన్నం రెండోసారి అడిగితే పావుగంటకు తెచ్చినవాళ్లకు సర్వీస్ ఛార్జి ఎందుకని మా ఆయన అడిగారు.

మేనేజరు కుర్చీలోంచి లేవకుండానే, "అమెరికా నుంచి వచ్చినారు, మీకు ఇదొక లెక్కా సార్?" అన్నాడు. తమ్ముడు "పోనీలే బావా, ఇచ్చేద్దాం" అని కార్డు తీశాడు. మా ఆయనకు మేనేజరు కన్నా వీడి మీదే ఎక్కువ కోపం వచ్చింది.

తమ్ముడి అలవాటు ఎక్కడ నుంచి వచ్చిందో డల్లాస్ వెళ్లినప్పుడు చూశాను. హోటల్లో 80 డాలర్లకు తిన్నాం. మెనూలో రాసిన రేటు అసలు రేటు కాదు. దానిమీద సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం, అంటే 6 డాలర్ల 60 సెంట్లు. ఆపైన 20 శాతం టిప్పు 16 డాలర్లు. మొత్తం 102.60. నాకు ప్రాణం ఉసూరుమంది. కానీ అక్కడ ఇవ్వక తప్పదు. టిప్పులొచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలని ఫెడరల్ చట్టం. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టెక్సాస్‌లోనూ అదే. టిప్పులు కలిపినా గంటకు 7.25 డాలర్లు రాకపోతేనే యజమాని మిగతాది కలపాలి. అంటే సర్వర్ జీతంలో చాలా భాగం మనమే ఇస్తున్నాం. కాలిఫోర్నియాలో ఈ తక్కువ జీతం పద్ధతి లేకపోయినా టిప్పు మాత్రం ఆగలేదట.

మా ఆయనకు ఇదంతా వింత. కువైట్‌లో వ్యాట్ లేదు, కొట్లో చీటీ మీద ఎంతుంటే అంతే ఇస్తారు. మరదలు ఇంతకుముందు సింగపూర్‌లో పనిచేసింది. అక్కడ మెనూలో రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయట. పది శాతం సర్వీస్ ఛార్జి, దానిమీద 9 శాతం జీఎస్టీ అని వాటికి అర్థం. వంద డాలర్ల తిండి 119.90 అవుతుంది. "అక్కడ కూర్చునే ముందే తెలుస్తుంది వదినా, ఇక్కడ లేచేటప్పుడు తెలుస్తోంది" అంది. అసలు తేడా అదే.

మన దేశంలో సర్వీస్ ఛార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదని, దాన్ని కలిపి జీఎస్టీ వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మా ఆయన వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నొక్కి ఫోన్ స్పీకర్‌లో పెట్టేసరికి మేనేజరు పెన్ను తీసి 234 కొట్టేశాడు. కొత్త మొత్తం 2,457. జీఎస్టీ నంబరు అడిగితే "సిస్టమ్ పనిచేయడం లేదు" అన్నాడు. పిల్లలు నిద్రకు తూగుతుంటే ఇంకేం వాదిస్తాం, కట్టేశాం. జీఎస్టీ అని తీసుకున్న 117 రూపాయలు ప్రభుత్వానికి చేరాయంటే నేను నమ్మను.

పొద్దున వేడినీళ్లు మోసుకొచ్చిన పిల్లవాడికి తమ్ముడు 500 ఇచ్చాడు. అంతే, వాచ్‌మన్, తోటమాలి, కారు కడగని మనిషి కూడా వచ్చి నిలబడ్డారు. మా ఆయన మాట్లాడకుండా వెళ్లి కారులో కూర్చున్నారు.

తిరుగు దారిలో జమ్మలమడుగు దాటాక ఒక మెస్సులో ఆగాం. రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి. ఇంత మంచి పులుసు నేను ఈ మధ్య తినలేదు. మా ఆయన ముద్ద మీద ముద్ద వేయించుకున్నారు. అందరికీ కలిపి 960, పైన ట్యాక్సు లేదు. గోడ మీద కాంపోజిషన్ పద్ధతి అని బోర్డు ఉంది. ఆ పద్ధతిలో ఉన్న హోటలు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, యజమానే తన అమ్మకాల మీద కట్టుకోవాలి. మీకు బోర్డు కనిపించి, బిల్లులో మాత్రం ట్యాక్సు వేస్తే అడగండి.

నాకు బాధ కలిగించింది ఇంకొకటి. ఇదివరకు సోంపు ప్లేట్లో వచ్చే చిల్లర వడ్డించినవాళ్లకే వదిలేసేవాళ్లం. ఇప్పుడు స్కాన్ చేసి 960కి 960 కొడితే అంతా ఓనరు ఖాతాలోకి పోతుంది. వడ్డించే అతను అదే చెప్పాడు: "ఫోన్లొచ్చినాక మాకేమీ రావడం లేదు మేడం." అందుకే ఊళ్లు తిరిగేటప్పుడు పదులు, ఇరవైలు జేబులో పెట్టుకోండి, చేతికే ఇవ్వండి.

తమ్ముడు వంద నోటు తీశాడు. వద్దంటారేమో అని నేను మా ఆయన వైపు చూశాను. ఆయన 50 తీసి దాని పక్కన పెట్టి, "బామ్మర్దీ, ఇది పులుసుకు. నీ డల్లాస్ లెక్కలు ఇక్కడ చెప్పొద్దు" అన్నారు.