కాన్పుల గదిలో 6వ నంబరు ఫీడింగ్ ట్యూబు

మా కాన్పుల గదిలో స్టాఫ్ నర్సులందరికీ తెలిసిన ట్యూబే ఇది. మూతి లేత ఆకుపచ్చ రంగు, లావు 2 మిల్లీమీటర్లు, ధర చాలా తక్కువ. తయారైంది పాలు పట్టడానికే అయినా, నేను దీనిని ఎక్కువగా నమ్ముకున్నది పసిబిడ్డ ముక్కుదారి చూడటానికి.

ఏడుస్తున్నంతసేపు ఎర్రగా ఉండే బిడ్డ ఊరుకోగానే నీలం తిరిగితే, రొమ్ము పట్టగానే ఉక్కిరిబిక్కిరి అయితే, నా చేయి ముందు దీని మీదికే పోతుంది. పసికందులు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. ముక్కు వెనుక ద్వారాలు రెండూ పుట్టుకతోనే మూసుకుపోతే, ఏడ్చి నోరు తెరిచినప్పుడే గాలి అందుతుంది. డాక్టర్లు దీన్ని కోఆనల్ అట్రీజియా అంటారు. అరుదైనదే, సుమారు 5,000 నుంచి 8,000 మందిలో ఒకరికి వస్తుంది. కానీ ఆ ఒక్క బిడ్డ ఏ రాత్రి డ్యూటీలో పుడుతుందో ఎవరు చెప్పగలరు?

కొనను జెల్లీతో తడిపి, ముక్కు అడుగును ఆనిస్తూ నేరుగా వెనక్కి పోనిస్తాను. దారి ఉంటే మెత్తగా గొంతులోకి జారుతుంది. లేకపోతే 3, 3.5 సెంటీమీటర్ల దగ్గర ఆగి, వేళ్ల మధ్య వంగిపోతుంది. అక్కడ బలవంతం చేయనే కూడదు, ముక్కు వాస్తే ఉన్న దారి కూడా పోతుంది. రెండో వైపూ తప్పక చూడాలి. అనుమానం వస్తే డాక్టరును పిలిచి, నోట్లో ఎయిర్‌వే (గాలి దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం) పెట్టి ఊపిరి నిలబెడతాం. నిర్ధారణకు సీటీ స్కాన్ కావాలి. ఆపరేషన్ అయ్యేదాకా పాలు పోయడానికి మళ్లీ ఇదే ట్యూబు, ఈసారి నోటి గుండా.

లోపాలూ ఉన్నాయి. చుట్ట చుట్టి ప్యాక్ చేయడం వల్ల వంపు ఒక పట్టాన పోదు. మాకు వచ్చే రకంలో మొదటి గుర్తు కొనకు చాలా దూరంలో ఉంటుంది. 3 సెంటీమీటర్ల దగ్గర టేపు ముక్క నేనే అంటించుకుంటాను. తయారీదారులు అక్కడొక గీత గీస్తే ఎంత మేలు!

నోట్లో నురగ ఆగకుండా వచ్చే బిడ్డకు మాత్రం ఇది వద్దు. అన్నవాహిక మూసుకుపోయి ఉంటే, ఇంత మెత్తని ట్యూబు పైనే చుట్టుకుని లోపలికి పోయినట్టు భ్రమ కలిగిస్తుంది. అక్కడ కాస్త గట్టిదైన 10వ నంబరు కావాలి. అది దాదాపు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగి విషయం చెబుతుంది.

ప్రతి కాన్పు ట్రేలో రెండు నంబర్లూ, పక్కనే పసిబిడ్డ సైజు ఎయిర్‌వే ఉంచమని స్టోరును అడిగి మరీ పెట్టించుకోండి.